ఇటుక కింద అజేలియా

ఆదివారం. మబ్బు, ఉక్కపోత. పొద్దున్నే కుండీల్లో ఎండుటాకులు ఏరాను.

నా ఒక్కగానొక్క అజేలియా పూలమొక్క ఈ ఎండలకు వడలిపోతోంది. అది పోయేలోగా ఇంకో మొక్క చేసుకుందామని వీడియోలు చూసి ఆరు కొమ్మలు నాటాను. ఆరూ కుళ్లిపోయాయి. ఇవాళ దాని మొదట్లో ఆకుల కింద ఇటుక ముక్క కనిపిస్తే తీయబోయాను. నేను షిఫ్టులో ఉన్నప్పుడు మొక్కలకు నీళ్లు పోసే పక్క క్వార్టర్ అప్పలనరసమ్మ పిన్ని గుమ్మంలోంచే ఆపింది.

"తియ్యకు బాబూ. మల్లికి అంటు తొక్కినట్టే, నిరుడు వానల్లో కొమ్మ వంచి మట్టిలో తొక్కి, పైకి లెగకుండా ఇటుక ఎట్టాను. వేరు పట్టిందేటో సూడు."

మట్టి కదిపి చూస్తే కొమ్మ నిండా వెంట్రుకల్లాంటి వేళ్లు.

"మరి నాకు చెప్పలేదేం పిన్నీ?"

"నువ్వు ఫోన్ సూసి సేత్తన్నావు కదా, మద్దెలో నానేటి సెప్తాను?"

థాంక్స్ అనడం నాకు సరిగా రాదు. కాఫీ పెట్టి ఇచ్చాను. మీ కుండీలో ఇటుక కనిపిస్తే, తీసే ముందు పక్కింట్లో ఒక మాట అడగండి.