పేజీలు పైన, ఫోటోలు కింద

బేస్తవారిపేట దాటాక ఊపిరి ఆగిపోయిందని మా ఆయన ఫోనులో చెప్పాడు. నేను "ఎవరికి?" అని అడిగాను. ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు అక్కను కారులో పడుకోబెట్టి తల కింద దిండు పెట్టింది నేనే. అయినా ఎవరికి అని అడిగాను.

అక్క అంటే మా బావగారి భార్య, నా తోడికోడలు. గిద్దలూరులో మాది ఒకటే ఇల్లు. పైన వాళ్ళు, కింద మేమూ అత్తా. ఆ పొద్దున మెట్ల మీద నుంచి వంగి కరివేపాకు అడిగింది. నేను రెమ్మ తెంచి తెచ్చేలోపు, తల పగిలిపోతోందంటూ మెట్టు మీదే కూర్చుంది. మెదడులో నరం చిట్లిందని తర్వాత అన్నారు. కారు వెళ్ళిపోయాక చూసుకుంటే కరివేపాకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఇప్పటికీ ఆ సంగతి నాకు ఎక్కడం లేదు. అంత చిన్న పని కూడా పూర్తి కాకుండా మనిషి ఎట్లా వెళ్ళిపోతుంది?

అక్క పెళ్ళికి ముందు కంప్యూటర్ నేర్పే చోట పని చేసింది. ఇక్కడికి వచ్చాక, పాత కంప్యూటర్ ఒకటి పెట్టుకొని అందులో మా ఇంటికంతా ఒక వికీ మొదలుపెట్టింది. అదేమిటో నాకు తెలియదు.

"మనింటి పుస్తకం అనుకో. ఎవరి పేరు మీద నొక్కితే వాళ్ళ పేజీ తెరుచుకుంటది. నువ్వూ రాయొచ్చు, నేను రాసింది నువ్వు దిద్దొచ్చు" అని చెప్పింది.

అందులో బోరు మోటారు ఎవరు బాగుచేశారో ఉంటుంది. చనిపోయిన మా మామ కుర్రతనపు ఫోటో ఉంటుంది. అత్త గోంగూర పచ్చడి ఉంటుంది, అత్త గొంతుతోనే. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకూ ఒక పేజీ పెట్టింది. "మా ఊరు పెద్దారవీడు దగ్గర" అని కొట్టడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. అక్క నవ్వలేదు. పక్కన కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తప్పు అక్షరం పడినప్పుడల్లా "చెరిపితే పోతది, భయమేంది" అనేది.

ఫోటోలూ గొంతులూ ఎక్కువై కంప్యూటర్ నిండిపోయింది. ఒక ఫోటో ఎక్కించాలంటే ఈలోగా అన్నం వండుకోవచ్చు. బావ పాతవి తీసెయ్యమన్నారు. అక్కకు మనసొప్పలేదు. ఆ రోజే మాటల్లో నేను మా అమ్మ సంగతి చెప్పాను. మా అమ్మ విత్తనాల కందులు తన ఇంట్లో దాచదు. చిన్నమ్మ ఇంట్లో పెడుతుంది. చిన్నమ్మవి అమ్మ దగ్గర ఉంటాయి. ఎవరివి వాళ్ళ దగ్గరే ఉంటే, ఇబ్బంది వచ్చిన రోజు పప్పు చేసుకొని తినేస్తారు.

అక్క చేతిలో పని ఆపేసింది. "మళ్ళీ చెప్పు" అంది.

కొన్నాళ్ళకు ఒక చిన్న నల్ల పెట్టె తెప్పించింది. పైనుంచి కిటికీ మీదుగా వైరు దించి నా వంటింట్లోకి తెచ్చింది.

"పేజీలు పైన ఉంటాయి. ఎక్కించిన ఫోటోలు, గొంతులు దీంట్లోకి వస్తాయి. ఇది నీ ఇంట్లోనే ఉండాల. నా దగ్గరుంటే ఏదో ఒకరోజు చోటు చాల్లేదని నేనే తుడిచేస్తా."

"ఎక్కడ పెట్టాలక్కా?"

"పప్పుడబ్బా పక్కన. పోపులో మాత్రం వెయ్యొద్దు, మామ ఉండాడు దాంట్లో."

ఆ పెట్టెకు ఒక నీలం దీపం ఉంది. పైన అక్క ఏదైనా తెరిచినా, ఎక్కించినా అది గబగబా కొట్టుకునేది. నేను కూర తిప్పుతూ, అక్క పనిలో ఉందని తెలుసుకునేదాన్ని. ఒకటే చిక్కు. మిక్సీ కూడా ఆ బోర్డుకే. మిక్సీ వేస్తే పెట్టె ఆగిపోయి మళ్ళీ వచ్చేది, అక్క ఎక్కించేది మధ్యలో తెగిపోయేది. అందుకని ముందే కేక వేసేదాన్ని.

"అక్కా, మిక్సీ వేస్తున్నా."

"ఆగాగు... ఆ, వెయ్యి ఇంక."

అత్త విసుక్కునేది. "పచ్చడి నూరుకునేదానికి కూడా పర్మిషనా? ఏం ఆఫీసే తల్లీ మీది."

పేరు రాయకుండా అక్క ఏ ఫోటో ఎక్కించేది కాదు. "పెట్టె పోతే పేర్లు మిగుల్తాయి. పేజీలు పోతే మొహాలు మిగుల్తాయి, అవి ఎవరివో తెలీదు. రెండూ ఉండాల" అనేది. అట్లా చెప్పినప్పుడు తన గురించే చెబుతోందని నేను ఎందుకు అనుకుంటాను?

అక్కను తీసుకొచ్చిన రోజు నుంచి పొయ్యి వెలిగించలేదు. అన్నం పక్కింటి నుంచి వచ్చేది. అత్త వంటింట్లో స్విచ్చులన్నీ కట్టేసి తలుపు దగ్గరికి వేసింది. నేను గోడకు ఆనుకొని కూర్చుని ఉన్నాను. ఎవరు వచ్చారో, ఏం అడిగారో గుర్తు లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం బావ వికీ తెరిచారు. ఫోటోలున్న చోటల్లా ఖాళీ గడులే. గొంతు వినబోతే ఏమీ రాలేదు. కంప్యూటర్ దుకాణం నుంచి ఒకతన్ని పిలిపించారు. పక్కింటివాళ్ళు ఇచ్చిన టీ తీసుకొని నేను పైకి వెళ్ళేసరికి అతను చెబుతున్నాడు.

"ఫైళ్ళు పోయినాయి సార్. పాత మిషను. మొత్తం ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసిస్తా."

"నీ ఇష్టం నాయనా. మనిషే లేదు, ఇదెందుకు" అన్నారు బావ.

నేను బావతో ఎదురుగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే మా ఆయనతోనో అక్కతోనో చెప్పించేదాన్ని. మా ఆయన కంభం వెళ్ళి ఉన్నాడు. అక్క లేదు. అతను కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. నేను టీ గ్లాసులు కింద పెట్టేశాను.

"వద్దు బావా. ఫోటోలు దీంట్లో లేవు. కింద ఉండాయి, నా వంటింట్లో. దీన్ని తుడిస్తే పేర్లు పోతాయి."

దుకాణం అతను నావైపు తిరిగాడు. "వంటింట్లోనా?"

"పప్పుడబ్బా పక్కన" అన్నాను.

బావ అతని చేతిని కీబోర్డు మీద నుంచి తీశారు. "చూసి రా అమ్మా" అన్నారు.

వంటింట్లో చీకటిగా ఉంది. నీలం దీపం లేదు. అదీ పోయిందనుకున్నాను. స్విచ్ మీద చెయ్యి పెట్టబోతుంటే వెనక నుంచి అత్త అంది, "పొయ్యి వెలగని ఇంట్లో అదెందుకే ఇప్పుడు?"

"దీంట్లో అక్క గొంతుంది అత్తా."

అత్త నన్ను పక్కకు జరిపి తానే స్విచ్ వేసింది. ముందు ఎర్రగా వెలిగింది. ఎంతకీ మారలేదు. మారాక నీలంగా నిలబడింది. ఇంకాసేపటికి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

మెట్ల మీదుగా అక్క గొంతు వచ్చింది. "అత్తా, కారం ఎంత వెయ్యాల?"

పైన బావ తెరిచిన గోంగూర పచ్చడి పేజీ అది. నా పక్కన అత్త, స్విచ్ మీద నుంచి చెయ్యి తీయకుండానే, "ఎన్నిసార్లు చెప్పాల నీకు" అంది. పైన రికార్డులోనూ అదే మాట, అత్త గొంతే. ఆ వెనకాలే అక్క నవ్వు.

ఇప్పుడు పొయ్యి వెలుగుతోంది. వంట చేస్తున్నాను. మొన్న జారులో చింతకాయలు, మిరపకాయలు వేసి మూత బిగించి, అలవాటుగా కేక వేశాను.

"అక్కా, మిక్సీ వేస్తున్నా."

అన్నాక నోరు మూసుకున్నాను. పైనుంచి బావ గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా.

"ఒక్క నిమిషం ఆగమ్మా."

పప్పుడబ్బా పక్కన నీలం దీపం గబగబా కొట్టుకుంటోంది. మూత మీద చెయ్యి పెట్టుకొని నేను అట్లాగే నిలబడ్డాను.