ఆఖరి సందు

ఎనభైల మొదట్లో జెర్సీ సిటీలో మేం అద్దెకున్న ఇల్లు చెక్కది, ముసలిది. మేడ మీద రెండు గదులు మావి, కింద ఇంటి ఓనరమ్మ. కిటికీ చట్రాలన్నీ వదులైపోయి, గాలి కొడితే పళ్లు కొరుకుతున్నట్టు శబ్దం చేసేవి. మా పాప నెల తక్కువగా ఆ నవంబర్‌లోనే పుట్టింది. చేతిలోకి తీసుకుంటే పిచ్చుకంత బరువు. చలి తగలనివ్వొద్దని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. ఇంక నాకు కంటికి కునుకు లేదు, కాలికి నిలకడ లేదు.

బాలింత మంచం దిగకూడదంటారు. దిగకపోతే వంటెవరు చేస్తారు? కాలుగాలిన పిల్లిలా రెండు గదులూ తిరిగేదాన్ని. కిటికీలకి ప్లాస్టిక్ షీట్లు పరిచి టేపు వేశాను. తలుపుల కింద పాత నేత చీరలు చుట్టి కుక్కాను. అగరొత్తి వెలిగించి గోడ వెంట నడిపితే, పొగ ఎక్కడ వంకర పోతే అక్కడ గాలి దూరుతున్నట్టు. ఈ కిటుకు నాకెవరూ చెప్పలేదు, దేవుడి పటం దగ్గర పొగ పక్కకి పోతుంటే చూసి నేనే పట్టాను.

"ఇది ఇల్లా, డబ్బానా?" అనేవారు మా ఆయన. "కాస్త ఊపిరాడనియ్యవే. ఒక్క కిటికీ అయినా వదిలెయ్."

వదిలే ప్రసక్తే లేదు. చివరికి ఒక్క సందు మిగిలింది, పాప మంచం పక్కన కిటికీ కింద, వేలు పట్టేంత. రేడియేటర్ ఆ గోడకే ఉంది కాబట్టి మంచం జరపడానికి లేదు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి టేపు అయిపోయింది. గుడ్డ కుక్కితే గాలికి ఊడి పడేది.

ఆఫీస్ నుంచి వచ్చేటప్పుడు టేపు తెమ్మన్నాను. మర్చిపోయారు. రెండో రోజూ మర్చిపోయారు. మూడో రోజు "ట్రైన్ మిస్ అవుతానని పరిగెత్తాను, స్టోర్ సంగతే గుర్తు రాలేదు" అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను.

"బిడ్డ గుర్తుందా, అదీ మర్చిపోయారా? మీ బుర్రకి కూడా టేపు వెయ్యాలి" అన్నాను.

ఆయన అన్నం తిని లేచారు. మర్నాడు పొద్దున్న గుమ్మంలో ఆగి "ఇవాళ తెస్తాలే" అంటే మొహం తిప్పుకున్నాను.

ఆ మధ్యాహ్నం రేడియేటర్ గోరువెచ్చగా కూడా లేదు. మా అక్క పురిటికి మంచం కింద కుంపటి పెట్టడం నాకు గుర్తు. తల్లికీ బిడ్డకీ అదే వెచ్చన. వేసవిలో పెరట్లో మాంసం కాల్చుకోగా మిగిలిన ఓనరమ్మ బొగ్గుల సంచి మెట్ల కింద ఉంది. అడక్కుండానే గుప్పెడు తెచ్చాను. స్టౌ మీద ఎర్రగా కాల్చి, ఇనప మూకుట్లో పోసి, సాంబ్రాణి చల్లాను. పాపకి నీళ్లు పోసి, ఒళ్లంతా పొగ పట్టించి పడుకోబెట్టాను. అంత మంచి నిప్పులు పారబోయడానికి మనసొప్పలేదు. మూకుడు మంచం కిందే ఉంచాను. గదంతా పుట్టింటి వాసన. ఎన్నాళ్లకో నా కాలు ఒకచోట నిలిచింది.

మా పుట్టింటి కప్పు పెంకులది. సందుల్లోంచి ఎండ నేల మీద బిళ్లలుగా పడేది, గాలి ఎటు నుంచైనా వచ్చేది. ఆ సంగతి అప్పుడు నా మట్టిబుర్రకి తట్టలేదు.

కాసేపటికి తల పగిలిపోసాగింది. బాలింత తలనొప్పే అనుకున్నాను. పాలవేళ దాటింది. పాప లేవలేదు. అరికాలు గిల్లాను. కదల్లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎత్తుకుని లేవబోతే మోకాళ్లు నిలవలేదు. డేక్కుంటూ తలుపు దాకా వెళ్లి, నేను కుక్కిన చీరనే లాగలేక లాగి, మెట్ల మీద కూలబడ్డాను. చప్పుడుకి ఓనరమ్మ వచ్చి చూసి, వీధి తలుపు బార్లా తీసింది. నేను ఇన్నాళ్లు తిట్టిన ఆ చలిగాలి మొహాన కొట్టాక పాప ఏడ్చింది.

హాస్పిటల్లో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. బొగ్గుల నుంచి వచ్చే విషానికి వాసన ఉండదని, మూసేసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుందని డాక్టరు చెప్పాడు. ఆ గదిలోకి గాలి వచ్చే దారి ఏదైనా ఉందా అని అడిగాడు.

"ఒక్కటే ఉంది. పాప తల దగ్గర."

"అదీ లేకపోతే పాప దక్కేది కాదు" అన్నాడు.

మా ఆయన ఆఫీస్ నుంచి తిన్నగా పరిగెత్తుకొచ్చారు. పాప గుప్పిట్లో వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. కూర్చోబోతే కోటు జేబులో ఏదో అడ్డం పడింది. తీసి నా పక్క మీద పెట్టారు. రెండు టేపు చుట్టలు, కొత్తవి.

"లంచ్ టైమ్‌లోనే కొనేశాను" అన్నారు. "ఇవాళ మర్చిపోలేదు."

మూడు రోజులు మర్చిపోయినందుకు ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాను.