ఇద్దరు తోలే దేశం

పల్నాడు కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, 2023 జూన్‌లో, నన్ను నరసరావుపేటకు మోటారు వాహనాల తనిఖీ అధికారిగా బదిలీ చేశారు. ఉత్తర్వుల్లో హోదా అంత పొడుగ్గా ఉంటుంది గానీ, జనం నోట మేం బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. పెళ్ళిళ్ళలో నన్ను నలుగురికీ పరిచయం చేసేటప్పుడు మా బావమరిది కూడా ఆ మాటే వాడతాడు. లైసెన్సు కోరేవాళ్ళకు పరీక్ష పెట్టడం, బండ్ల ఫిట్‌నెస్ చూడటం, అధిక లోడు లారీలను ఆపడం మా పని. వారానికి ఒకరోజు మాచర్లలో క్యాంపు ఉండేది. క్వారీల డ్రైవర్లు నరసరావుపేట దాకా రానక్కర్లేకుండా అక్కడే ఒక మైదానంలో ఇనుప కడ్డీలు పాతి, ట్రాక్ గీసి పరీక్షలు పెట్టేవాళ్ళం.

ఆ క్యాంపుకే ఒకరోజు కోటయ్య వచ్చాడు. ముప్పై దాటని మనిషి, ఊరు బెల్లంకొండ దగ్గర. సొంత లారీ మీద మాచర్ల నాపరాళ్ళు ఎత్తుకుని గుంటూరు వైపు దుకాణాలకు వేస్తాడు. అతని వెనకే భార్య అంజలి. కోటయ్యకు కావలసింది విదేశాల్లో బండి నడపడానికి మేమిచ్చే అంతర్జాతీయ పర్మిట్. దానికి పాస్‌పోర్టు, వీసా చూపించాలి, ఏ దేశానికి వెళ్తున్నదీ దరఖాస్తులో రాయాలి. ఏ దేశం అని అడిగాను.

"అది తమరే చెప్పాలి సార్. ఏది బాగుంటదంటారు?" అన్నాడు.

పెళ్ళికూతురు కుదరకుండానే ముహూర్తం పెట్టించుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకును అప్పుడే చూశాను. దేశం తేలాలి, ఆ పైన ఉద్యోగం, ఆ పైన వీసా, అన్నీ అయ్యాక నా దగ్గరికి రావాలి అని వరస చెప్పాను. నిరాశ పడతాడనుకుంటే, హాయిగా తల ఊపి పక్క చెట్టు కింద కూర్చున్నాడు. పరీక్షలు అయ్యేదాకా ఉండి మళ్ళీ వచ్చాడు. ఈసారి సంగతి మొత్తం చెప్పాడు.

ఇక్కడ లోడుకు లోడుకు మధ్య బండి నాలుగేసి రోజులు లారీలు తూచే కాటా పక్కన పడి ఉంటోందట. పని ఉన్నచోటికి పోయి నికరమైన బతుకు బతకాలని కోరిక. అతని అన్న సాంబయ్య సౌదీ కంపెనీ ఒకటి చూసిపెట్టాడు. గుంటూరులో డ్రైవింగ్ పరీక్ష పెట్టారు, కోటయ్య అందులో తప్పాడు. ఇంకో అవకాశం ఇస్తామన్నారు గానీ, ఈలోగా వేరే దేశమేదైనా బాగుంటుందేమోనని కూడా వెతుకుతున్నాడు. మన ట్రాక్ మీద కాసేపు రివర్స్ సాధన చేసుకోనివ్వమని ఇప్పుడతని మనవి.

తప్పిన తీరు వింటే నవ్వు ఆపుకోవడం కష్టమైంది. మా వైపు లారీ వెనక్కి వచ్చేటప్పుడు క్లీనర్ దిగి బండి పక్కన నడుస్తూ బాడీ మీద అరచేత్తో చరుస్తాడు. ఒక్క దెబ్బ అంటే ఆపమని. వరసగా దెబ్బలు పడుతున్నాయంటే రైట్, రానీ, చోటుంది అని. డ్రైవర్లు అద్దం కన్నా ఆ చప్పుడునే నమ్ముతారు. గుంటూరులో కోటయ్య బండి వెనకున్న పీపాల దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడి నుంచో వచ్చిన ఆ పరీక్షాధికారి కంగారుపడి బాడీ మీద టపటపా బాదాడు. కోటయ్యకు అది రైట్ రైట్. రెండు పీపాలు అప్పడాలయ్యాయి.

"అంత గట్టిగా కొడతంటే చానా చోటుందనుకున్నా సార్," అన్నాడు ఎంతో నిజాయతీగా.

పరీక్షలు ముగిశాక ట్రాక్ ఎవరికీ అవసరం లేదు గనక సరేనన్నాను. అంజలి దిగి బాడీ మీద చరుస్తూ నడిచింది. అంత లారీ రెండు వరసల కడ్డీల మధ్యకు ఒక్క ఊపులో వచ్చి నిలిచింది. ఆమెను దూరంగా నిలబెట్టి మళ్ళీ చేయమన్నాను. ఎడమవైపు కడ్డీలు మూడు పడ్డాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతనికి క్లీనర్ అంజలేనట. కూలికి వచ్చిన క్లీనర్లు ఒక్కరూ నిలవకపోతే, నేనొస్తా పద అని ఎక్కి కూర్చుందట. ఎడమ అద్దం, ఎడమ చక్రాలు, వెనక సందు, అన్నీ ఆమె లెక్క. అతనికి తెలిసింది కుడివైపు, ముందు.

ఆ తర్వాత ప్రతి క్యాంపుకూ ఇద్దరూ ఒక కొత్త దేశంతో వచ్చేవాళ్ళు. ఒక వారం న్యూజిలాండ్. అక్కడా మనలాగే ఎడమపక్కన నడపాలని ఎవరో చెప్పారట. మరో వారం కెనడా. ఇంకో వారం పోలండ్. కాటా దగ్గర టీ కొట్టులో కూర్చున్నవాళ్ళంతా ఒక్కో దేశానికి రాయబారులు. పోలండ్‌లో చలికి డీజిలు గడ్డకడుతుందని ఒకడు, న్యూజిలాండ్‌లో మనుషుల కన్నా గొర్రెలు ఎక్కువని ఇంకొకడు. వాళ్ళలో ఎవడూ గట్టిగా హైదరాబాద్ దాటినవాడు కాదు. కోటయ్య అన్నీ విని, అన్నీ నమ్మి, నా క్యారియర్ విప్పే వేళకు సరిగ్గా వచ్చి ఏకరువు పెట్టేవాడు. విసుక్కునేవాణ్ణి. వాళ్ళు రాని వారం మాత్రం ఎందుకు రాలేదా అని రోడ్డు వైపు చూసేవాణ్ణి. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

అంజలి దేశాల పేర్లు పట్టించుకునేది కాదు. ప్రతి దేశానికీ ఆమె ప్రశ్న ఒకటే.

"ఆడ ఒక్కడే తోలాలా సార్, ఇద్దరు తోలొచ్చా?"

మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఒకరోజు సాంబయ్య కూడా వచ్చినప్పుడు తెలిసింది. సౌదీ డ్రైవర్ వీసా మీద భార్యను తీసుకుపోవడానికి లేదు. రెండేళ్ళకు ఒకసారి సెలవు. లారీ అమ్మేయాలి. తమ్ముడు అక్కడ, మరదలు ఇంటిదగ్గర. రెండో పరీక్షకు వచ్చేదీ రానిదీ ఆ నెలాఖరుకల్లా చెప్పమంది కంపెనీ. సాంబయ్య చెడ్డవాడు కాడు, తమ్ముడి బాగు కోరే తిరుగుతున్నాడు. మగవాడు సంపాదించి పంపుతాడు, నువ్వు నీడపట్టున ఉండక ఈ దుమ్ములో తిరుగుడేంది అని ఆమెతో నా ముందే అన్నాడు. పోలండ్ మాట ఎత్తితే, చలికి చస్తారని కసిరాడు.

"చలికి రగ్గు కప్పుకుంటాం బావగారూ. ఇంటికాడ ఒక్కదాన్నే ఉంటే ఏం కప్పుకోను?" అంది అంజలి.

సాంబయ్య ఆకాశం చూశాడు. కోటయ్య టైర్లు చూశాడు. నేను నా ఫైలు చూశాను.

ఆ నిమిషంలో నాకు తోచిన ప్రశ్న చాలా మామూలుది. నీకు లైసెన్సేమైనా ఉందా అమ్మాయ్ అని అడిగాను. ఉందంది. పుట్టింట్లో ట్రాక్టరు తోలేదట. దాని కోసం తీసుకున్న లైట్ మోటార్ లైసెన్సు అయిదేళ్ళ నాటిది. అది ఉండి ఏడాది దాటితే హెవీ లైసెన్సుకు అర్హత వస్తుంది. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకోవడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి. ఆ పైన గుర్తింపున్న డ్రైవింగ్ స్కూల్లో శిక్షణ, వైద్య ధ్రువపత్రం, చివరికి మా పరీక్ష. చట్టంలో ఎక్కడా మగవాడు అన్న మాట లేదు. ఇదంతా చెప్పేసరికి మొగుడూ పెళ్ళాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే క్యాబిన్‌లో తిరుగుతున్నా, సీట్లు మారొచ్చన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న అడిగేదాకా నాకూ రాలేదు.

సౌదీకి రామని కబురు పంపించారు. సాంబయ్య నెల రోజులు తమ్ముడితో మాట్లాడలేదు.

పరీక్ష రోజు మాచర్ల మైదానం తిరనాళ్ళలా ఉంది. క్వారీ డ్రైవర్లు లోడు ఆపుకుని మరీ వచ్చారు. మాట్లాడనన్న సాంబయ్య అందరికన్నా ముందు నిలబడ్డాడు. అంజలి ఎక్కి సీటు జరుపుకుంది, అద్దాలు దిద్దుకుంది, బెల్టు పెట్టుకుంది. ముందుకు నడిపే పరీక్షలో గేర్లు శుభ్రంగా మార్చింది. ఇక రివర్స్. బండి కదలగానే కోటయ్య అలవాటు కొద్దీ పరుగున వెనక్కి వెళ్ళి చెయ్యెత్తాడు. నీ చెయ్యి బాడీకి తగిలిందంటే పరీక్ష రద్దు అని అరిచాను. సాంబయ్య వెళ్ళి తమ్ముడి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు.

లారీ నెమ్మదిగా వెనక్కి వచ్చింది. ఎక్కడా తొందర లేదు, తడబాటు లేదు. అద్దంలో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి చూస్తూ, కడ్డీల మధ్యకు తెచ్చి నిలిపి హ్యాండ్ బ్రేకు వేసింది. ఒక్క కడ్డీ కూడా కదల్లేదు. మైదానమంతా ఈలలు. సాంబయ్య తమ్ముణ్ణి వదిలేసి, "మా మరదలయ్యా!" అని పక్కవాళ్ళకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగంలో వేల పరీక్షలు పెట్టాను. పాసైనవాళ్ళ కన్నా నాకే ఎక్కువ సంతోషం కలిగిన పరీక్ష అదొక్కటే. అయినా పరీక్షాధికారి నవ్వకూడదు గనక, ఇండికేటర్ ఇంకాస్త ముందు వేయాలని ఒక సలహా ఇచ్చి సంతకం పెట్టాను.

దేశం తేలడానికి అట్టే కాలం పట్టలేదు. ఒకే లారీని ఇద్దరు డ్రైవర్లు వంతులేసుకుని నడిపే పద్ధతి ఉన్న కంపెనీ పోలండ్‌లో దొరికింది. క్యాబిన్‌లో రెండు పడకలు, భార్యాభర్తలైతే మరీ మంచిదన్నారు. రెండో డ్రైవరుకు ఏడాది అనుభవం కావాలన్నారు. ఆ ఏడాదీ సొంత లారీనే ఇద్దరూ మార్చి మార్చి తోలారు. కోటయ్యకు అద్దం చూడటం ఆమే నేర్పింది. ఎలా అని అడిగితే, పక్క సీట్లో నోరు మూసుకుని కూర్చుందట. అంతకన్నా కష్టమైన పని తన జన్మలో చేయలేదంది.

ఒక మధ్యాహ్నం పిడుగురాళ్ళ రోడ్డు మీద తనిఖీలో వాళ్ళ లారీ ఆపాను. స్టీరింగ్ దగ్గర అంజలి. క్లీనర్ సీట్లో కోటయ్య నోరు తెరుచుకుని గుర్రు పెడుతున్నాడు. కాగితాలు చూపించమంటే, మెల్లగా మాట్లాడమని వేలు పెదాల మీద పెట్టింది. లోడు హద్దులోనే ఉంది. వదిలేశాను. పోయే ముందు కిటికీలోంచి వంగి గుసగుసగా ఒక మాట చెప్పింది.

"ఆ దేశంలో స్టీరింగు ఎడంపక్కనంట సార్. ఇన్నేళ్ళూ నేను కూచున్న సీటు ముందుకే వచ్చింది."

నేను రిటైరయ్యే నెలలో ఇద్దరూ పాస్‌పోర్టులు, వీసాలు పట్టుకుని నరసరావుపేట ఆఫీసుకు వచ్చారు. రెండు దరఖాస్తుల్లోనూ దేశం పేరు రాసి ఉంది. ఇద్దరికీ పర్మిట్లు తయారు చేయించి ఇచ్చాను. అక్కడికి వెళ్ళాక మళ్ళీ వాళ్ళ పరీక్షలు రాసి, నెగ్గి, ఇప్పుడు తోలుతున్నారు. ఫోనులో చలి గురించి అడిగితే, ఉందని మాత్రం ఒప్పుకున్నారు.

ఏ దేశం మంచిదని అడిగేవాళ్ళు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. జీతాలు, వీసాలు, వాతావరణం నాకు తెలియవు, ఎవరికీ సలహా ఇవ్వను. మీ పని మీరొక్కరే చేస్తున్నారా, చూసి చెప్పండి అని మాత్రం అంటాను. ఆ మొదటి పరీక్షలో కోటయ్య నెగ్గి ఉంటే సౌదీ కంపెనీకి ఒక డ్రైవరు దొరికేవాడని అందరూ అనుకున్నారు. దొరికేది సగం డ్రైవరే. మిగతా సగం బెల్లంకొండలో ఉండిపోయేది.