మూత తీసి చేసిన ప్రార్థన

మా అక్క భర్త నా కోడిని అవమానించాడు. ఎవరేమన్నా నేను దాన్ని అవమానమనే అంటాను. కోటబొమ్మాళిలో వాళ్ళింట్లో పాత నూనె డ్రమ్ములో బొగ్గులు వేసి నేను కోడిని కాలిస్తే, ఆయన దాని కాలు విరిచి, ఎముక దగ్గరి ఎరుపును చుట్టాలందరికీ చూపించి, "ఇది ఇంకా కూస్తన్నాదిరా" అన్నాడు. అందరూ నవ్వారు. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

మరుసటేడు విజయనగరంలో మా కొత్త ఇంటికి కృతజ్ఞతా కూడిక, ప్రార్థనా భోజనాలూ పెట్టుకున్నాం. బావ వస్తాడు. ఈసారి ఉడికిందని ఆయన నోటితోనే అనిపించాలి. ఇల్లు కట్టడం కంటే నాకు అదే పెద్ద పనైంది.

అందుకని అలాంటి డ్రమ్మే ఒకటి మా మేడెక్కించి, ఆన్‌లైన్‌లో ఒక యంత్రం తెప్పించాను. అరచేతిలో పట్టే పెట్టె, చిన్న ఫ్యాను, వేడిని కొలిచే తీగ. ఫ్యానును డ్రమ్ము అడుగు కన్నానికి బిగించాలి. వేడి తగ్గితే అదే ఊదుతుంది, పెరిగితే ఆగుతుంది. అట్టపెట్టె మీద అలాగే రాశారు. నిజానికి అది ఆగాక కూడా మా మేడ మీది తూర్పుగాలి రెక్కల సందుల్లోంచి దూరి బొగ్గుల్ని రాజేసేది. నూట యాభై డిగ్రీలు పెడితే రెండు వందలు దాటేది. అమ్మినవాళ్ళకు ఫోన్ చేసి దెబ్బలాడాను. "డాంపర్ ఎంత తెరిచారు సార్?" అన్నాడు అవతలివాడు. ఫ్యాను మూతి మీద జరిగే రేకును డాంపర్ అంటారని అప్పుడు తెలిసింది. ఆ మాట ముందే చెప్పనందుకు మళ్ళీ దెబ్బలాడాను.

ఉత్త బొగ్గులతో సాధన చేశాను. రేకును మూడో వంతుకు దించి, ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గించి, పై పొగగొట్టాన్ని వేలెడు సందు వదిలి మూస్తే పెట్టె మీది వేడి అంకె నిలబడింది. ఎదురుగా పీట వేసుకుని దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. "పెళ్ళిసూపుల్లో నన్నయినా ఇంతసేపు సూణ్ణేదు మీరు" అంది మా ఆవిడ.

కూడిక నాడు కోడిని లోపల పెట్టి, డ్రమ్ము మూత పిడి పట్టుకునే నిలబడ్డాను. మా వైపు వంట దగ్గరికి వచ్చినవాళ్ళు మూత ఎత్తి చూడకుండా పోరు. అందరినీ ఆపాను. చివరికి పాస్టరుగారు భోజనానికి ప్రార్థన చెయ్యడానికి మేడెక్కారు. ఆయన వెనకే బావ.

"మూతెట్టీసి ప్రార్థనేటిరా? దాసీసినదానికి దీవెనెలాగొస్తాది? తియ్యి" అన్నాడు బావ.

పాస్టరుగారి ముందు కాదనలేక తీశాను. అందరూ కళ్ళు మూసుకున్నారు.

మూత తీస్తే కాసేపు ఫ్యానును ఆపే ఏర్పాటు ఆ యంత్రంలో ఉంది. కాని దాన్ని చేసినవాడు మా పాస్టరుగారి ప్రార్థన ఎన్నడూ వినలేదు. ఆయన ఇంటి పునాది నుంచి మొదలుపెట్టి, గోడల్ని, వండిన చేతుల్ని దీవించి, పాతపట్నం వైపు వానలు, రైతుల దగ్గరికి చేరేసరికి ఏర్పాటు గడువు తీరిపోయింది. తీగకు చల్లగాలి తగిలింది కదా, పొయ్యి ఆరిపోతోందనుకుని ఫ్యాను గుయ్యిమంటూ ఊదసాగింది. బొగ్గులు భగ్గుమన్నాయి. కోడి తోలు చిటపటలాడింది. ఒక కన్ను తెరిచాను. బావ కూడా ఒక కన్ను తెరిచే ఉన్నాడు. డ్రమ్ములోకి చూసి మురిసిపోతున్నాడు.

"ఆమెన్!" అని గట్టిగా అరిచాను.

అలవాటు కొద్దీ అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరుగారు రైతుల మధ్యలో ఆగిపోయారు. నేను మూత దించి, ఫ్యాను కరెంటు వైరు పీకి, రేకు మూసేశాను.

"ఒరే, దేవుడి మాటకి అడ్డొస్తావేట్రా!" అంది మా అక్క.

"దేవుడికి కాదక్కా, ఫ్యానుకి."

పాస్టరుగారు మంచివారు. మూసిన మూత మీదే మిగిలిన రైతుల్ని కూడా దీవించి ముగించారు. ఈలోగా వేడి దిగింది. ఫ్యాను తగిలించి మరికాసేపు కాల్చాను.

పంక్తిలో బావ కాలు విరిచి, ఎముకను వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. ఎరుపు లేదు. తిన్నాడు. ఎముక నున్నగా తేలేదాకా తిన్నాడు.

"ఉడికిందా బావా?" అన్నాను.

"ఉప్పు తగ్గిపోనాది."

"ఉప్పు సంగతి కాదు బావా, ఉడికిందా?"

"ఉప్పు గురించే సెప్తన్నాను కదరా. ఆ రెండో కాలు ఇలాగెయ్యి."

గరిటెలో కాలు పట్టుకుని ఆయన విస్తరి మీద ఆపాను. "ఉడికిందని సెప్పు, వేస్తాను."

పంక్తంతా తినడం మానేసి మమ్మల్నే చూస్తోంది. బావ కాలు వంక చూశాడు, నా వంక చూశాడు, గుటక మింగాడు.

"రెక్కెయ్యి" అన్నాడు.

రెక్కే వేశాను. కాలు నేను తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.