కార్మెల్ చేతులు

చర్చి మీద నాకున్న కోపం ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటిది. అది అలవాటైపోయింది. కార్మెల్ మీద కోపం మాత్రం ఈ ఈస్టర్‌ది, ఇంకా పచ్చిగానే ఉంది.

కార్మెల్‌ది మా వీధే. ఇరవయ్యో ఏట డెస్ అనేవాణ్ణి మా గుళ్ళోనే పెళ్ళి చేసుకుంది. వాడు తాగాడు, కొట్టాడు, ఇద్దరు ఆడపిల్లల్ని ఆమె ఒళ్ళో వదిలేసి క్వీన్స్‌లాండ్ పోయి ఇంకోదాంతో కాపురం పెట్టాడు. ఆ తర్వాత గోధుమ లారీలు నడిపే లెస్ వచ్చాడు. ఆ పిల్లలకి బూట్ల లేసులు కట్టడం నేర్పిందీ, జ్వరమొస్తే ఆసుపత్రికి మోసుకెళ్ళిందీ అతనే. విడాకులు మా చర్చి ఒప్పుకోదు, అతన్ని గుళ్ళో పెళ్ళాడాలంటే మొదటి పెళ్ళి చెల్లదని బిషప్పుగారి మేత్రాసనం తీర్పు ఇవ్వాలి. కార్మెల్ రెండుసార్లు కాగితాలు పెట్టింది. డెస్ తల్లి మా అబ్బాయి బంగారం అని సాక్ష్యం రాసింది. పెళ్ళి చెల్లుతుందని రెండుసార్లూ జవాబొచ్చింది. చివరికి రిజిస్ట్రారు ముందు సంతకాలు పెట్టి లెస్‌ని చేసుకుంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటి ఆ రోజు నుంచి ఆమెకి దివ్యసత్ప్రసాదం లేదు, అంటే పూజలో క్రీస్తు శరీరమని నోట్లో పెట్టే అప్పం. ప్రతి ఆదివారం అందరితోపాటు వరుసలో నడిచి వస్తుంది, రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా కట్టుకుంటుంది. అంటే నాకు అప్పం వద్దు, ఆశీర్వాదం చాలు అని. అన్నాచెల్లెళ్ళలా బతికితే ప్రసాదం ఇవ్వొచ్చని అప్పటి ముసలి ఫాదర్ ఒకాయన ఇంటికొచ్చి మరీ చెప్పాడు. లెస్ ఆయనకి టీ పోసి, "మా సొంత చెల్లి వంట మీరు తినలేదు ఫాదర్, ఇంట్లో ఇంకో చెల్లి కుదరదు" అన్నాడు.

ఇంత జరిగినా పీఠం మీద గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేది కార్మెలే. పూజపాత్ర తుడిచిన గుడ్డకి ప్రసాదం నలుసులు అంటుకుని ఉంటాయి కాబట్టి దాన్ని మొదట మంచినీళ్ళలో జాడించి, ఆ నీళ్ళు మట్టిలోనే పొయ్యాలి, తూములో పొయ్యకూడదు. ఆమె పెరట్లో నిమ్మచెట్టు మొదట్లో పోసేది. "నీ నోట్లో పెట్టరు గానీ నిమ్మచెట్టుకి పెడుతున్నారే!" అని లెస్ వేళాకోళం చేసేవాడు. కార్మెల్ తువ్వాలు తీసి అతని వీపు మీద ఒక్కటి వేసేది.

ఫిబ్రవరి మాకు నడివేసవి. ఆ ఎండల్లో లెస్ పోయాడు. లారీ కడుగుతూ కూలిపోయాడు. సమాధి అయ్యాక నేను గుళ్ళో పూలు సర్దుతుంటే ఫాదర్ ఎమెకా కార్మెల్ పక్కన కూర్చుని మెల్లగా, "అమ్మా, ఇప్పుడు అడ్డేమీ లేదు. పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేసుకోండి, ఈస్టర్‌కి ప్రసాదం తీసుకోవచ్చు" అన్నాడు. నైజీరియా నుంచి వచ్చిన కుర్ర ఫాదర్, మనసు మంచిదే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మొగుడు పోతే గానీ దేవుడు దగ్గరికి రానివ్వడా?

మండినా సంతోషమే ఎక్కువైంది, అబద్ధమెందుకు. నా నోరు ఊరుకోదు కదా. కసాయి కొట్లో చెప్పాను, పోస్టాఫీసులో చెప్పాను. ఈస్టర్ పూజయ్యాక హాల్లో టీ అనీ, కేకు నాదేననీ ఊరంతా చాటాను.

శనివారం నాలుగింటికి కార్మెల్ పాపసంకీర్తనానికి ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. ఇలా వెళ్ళి అలా బయటికొచ్చింది. గబగబా వెంటపడ్డాను.

"ఏమైందే?"

"డెస్ తల్లిని తిట్టుకున్నది చెప్పాను. నా కోపం సంగతి చెప్పాను. లెస్‌తో కాపురం చేసినందుకు విచారిస్తున్నావా అని అడిగాడు. లేదన్నాను. కనీసం గుడికి చెప్పకుండా పెళ్ళి చేసుకున్నందుకైనా విచారించమని బతిమాలాడు. ముగ్గురు ఫాదర్లకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, చెప్పకుండా ఎప్పుడు చేసుకున్నానని అడిగాను."

"అవునని ఒక్క మాట అనేసి రావచ్చుగా! ఎవడు చూడొచ్చాడు?"

"దేవుడి ముందు అబద్ధమాడి, అదే నోట్లో దేవుణ్ణి పెట్టుకోమంటావా మోయిరా?"

నేను తిన్నగా ఫాదర్ మీదికి వెళ్ళాను. ఆయన మొహం అప్పటికే వాడిపోయి ఉంది.

"నన్నేం చెయ్యమంటారమ్మా? లోపలి మాట నేను బయట అనకూడదు. విచారం లేదన్నవాళ్ళెవరికైనా క్షమాపణ ఎట్లా ఇవ్వను?"

ఇద్దరూ నిజమే చెప్తున్నారు. నాకు పిచ్చెక్కింది అందుకే.

ఈస్టర్ పొద్దున ప్రసాదం పంచడంలో ఫాదర్‌కి సాయంగా నేను నిలబడ్డాను. కార్మెల్ ఆయన వరుస వదిలి నా వరుసలోకి వచ్చింది. చేతులు గుండెల మీద కట్టుకునే ఉన్నాయి. నా వేళ్ళ మధ్య అప్పం ఉంది.

"నోరు తెరువే" అన్నాను గుసగుసగా.

"ఆశీర్వాదం ఇవ్వు. వెనక జనం ఉన్నారు."

తల మీద చెయ్యి పెట్టాను. దేవుడు నిన్ను దీవించుగాక అన్నాను. వారమంతా ఊళ్ళోవాళ్ళ సంగతులు నమిలిన నాలిక నాది. దాని మీద ప్రతి ఆదివారం ప్రసాదం పెడతారు, ఎవరూ ఏ కాగితమూ అడగరు. హాల్లో నా కేకు ఎవరూ కొయ్యలేదు, అలాగే ఇంటికి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే దెబ్బలాడదామని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. కార్మెల్ గుడ్డలు జాడించిన నీళ్ళు నిమ్మచెట్టు మొదట్లో పోస్తోంది, ఒక్క చుక్క పక్కకి పోకుండా.

"ఇట్లా ఎన్నాళ్ళే?" అన్నాను.

"ఎంతో లేదులే. పైకి వెళ్ళగానే లెస్ అక్కడ ఉన్నాడో లేడో చూస్తాను. ఉంటే, నేను చెప్పుకోవాల్సిందేమీ లేదు."

"లేకపోతే?"

గిన్నె బోర్లించి ఆఖరి చుక్క కూడా దులిపింది.

"లేకపోతే ఆ దేవుడే నాకు చెప్పుకోవాలి" అంది, ఇస్త్రీ పెట్టె వేడెక్కిందేమో చూడ్డానికి లోపలికి వెళ్తూ.