మెర్లోకి నేరేడు పేరు పెట్టిన పెద్దాయన

పోయిన నెల ఒక మంగళవారం ఉదయం షాపు తెరిచి, కొత్తగా వచ్చిన పెట్టెలు విప్పుతుంటే ఆయన కూతురి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడాలంటే తడుముకుంటుంది. ఆ రోజు మాత్రం తెలుగులోనే చెప్పింది.

"అక్కా, డాడీ ఈ మార్నింగ్ వెళ్లిపోయాడు. స్లీప్‌లోనే. పెయిన్ లేదు."

తర్వాత, "షాప్‌లో అందరికీ నువ్వే చెప్పవా?" అంది. చెప్పాను. ఆ పూట వచ్చినవాళ్లలో సగంమంది ఆయన ఎలా ఉన్నారని అడిగారు, వాళ్లకీ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

వర్జీనియాలో, షాంటిలీ దగ్గర ఉన్న ఓ వైన్ షాపులో ఏ సీసా కొనాలో ఏది వద్దో తేల్చే పని ఆయనది. సొంతూరు నరసాపురం. కుర్రతనంలో ప్రయాణికుల ఓడలో భోజనాలు వడ్డించే పనిలో చేరి, అక్కడే వైన్ సంగతులన్నీ నేర్చుకున్నారు. నేను గుంటూరు దగ్గర పల్లెలో చర్చి బడి టీచరమ్మ కూతుర్ని. మా ఇంట్లో దగ్గు మందు సీసా మీద కూడా ఆల్కహాల్ ఎంతుందో చదివి గాని తాగనిచ్చేవారు కాదు. మా ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి, నాకు వర్క్ పర్మిట్ వచ్చాక దొరికిన మొదటి పని ఈ షాపులో బిల్లింగ్ కౌంటర్. అమ్మకి ఫోన్ చేసినప్పుడు "స్టోర్‌లో పని" అనేదాన్ని. ఏ స్టోరో చెప్పేదాన్ని కాదు.

ఆయన్ని అంకుల్ అని పిలిచేదాన్ని. మొదటి వారమే నన్ను అడిగారు, "అమ్మాయ్, నీకు ఈ పని సిగ్గుగా ఉందా?" అని. అవునన్నాను. ఆయన నవ్వలేదు. "సిగ్గు ఉండాల్సింది పనికి కాదు. పని చేసే పద్ధతికి," అన్నారు.

ఆ పద్ధతి ఏమిటో నెమ్మదిగా తెలిసింది. ఆయన రుచి చూసి ఉమ్మేసేవారే గాని తాగేవారు కాదు. "అమ్మేవాడు తాగితే షాపే తాగినట్టు," అనేవారు. ఉద్యోగం పోయిన తెలుగు కుర్రాడొకడు ఒకే రోజు రెండోసారి వస్తే, వాడి చేతిలో సీసా తీసి మళ్లీ అరలో పెట్టేశారు. "తమ్ముడూ, ఇది అన్నంలోకి తోడు, బాధకి మందు కాదు. పద, ఇంటికి డ్రైవ్ చేస్తాను, తిన్నావా అసలు?" అని తన కారులోనే తీసుకెళ్లారు. దారిలో ఇడ్లీ కూడా తినిపించారని ఆ కుర్రాడే తర్వాత చెప్పాడు.

షాపులో వందల రకాలున్నా, "మావాళ్లు" అని ఆయన అనేది ఒక్క తోటవాళ్లనే. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర, ఏటి కుడి ఒడ్డున, తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న చిన్న ద్రాక్షతోట అది. అక్కడ పండేది ఎక్కువగా మెర్లో. నల్లగా, పలచటి తోలుతో, తొందరగా పండే ద్రాక్ష. ఓడ రేవులో ఆగిన రోజుల్లో ఆ తోటలో పళ్లు కోయడానికి వెళ్లి, ఆ ఇంటివాళ్లతో కలిసి బల్ల దగ్గర కూర్చుని సూప్ తాగారట. వాళ్ల కోడలు ఇప్పుడు ముసలావిడ. ఆ తోటని ఆవిడే చూసుకుంటోంది. ప్రతి క్రిస్మస్‌కీ ఆవిడ ఉత్తరం రాసేది, ఈయన జవాబు రాసేవారు.

వైన్ ఎలా ఉందో చెప్పడం నాకు నేర్పింది ఆయనే. నేను పుస్తకం చూసి "ప్లమ్ పండు, సీడార్ చెక్క" అని అప్పజెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టారు.

"ప్లమ్ నువ్వు ఎప్పుడు తిన్నావ్?"

"ఇక్కడికి వచ్చాక, రెండు మూడు సార్లు."

"మరి నీ ముక్కు చదువుకున్నది ఎక్కడ? గుంటూరులోనా, ఇక్కడా? దానికి తెలిసిన మాట చెప్పు."

మళ్లీ వాసన చూశాను. సిగ్గుపడుతూనే, "నేరేడు పండు అంకుల్. బాగా పండి, కింద రాలి, నేల అంటిన నేరేడు," అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ! ఆ నేల కూడా ఏదో తెలుసా? మీ నల్లరేగడి లాంటి బంకమట్టే."

ఆ వారమే ఇండియన్ గ్రోసరీ నుంచి ఫ్రీజర్లో పెట్టిన నేరేడు పళ్ల ప్యాకెట్ తెచ్చి, శనివారం వైన్ రుచి చూడటానికి వచ్చినవాళ్ల ముందు గిన్నెలో పెట్టారు. అమెరికన్లు నాలుకలు ఊదా రంగు చేసుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత షాపులో కొందరు ఆ సీసాని, ప్యాకెట్ మీది హిందీ పేరుతో, "జామున్ వైన్" అని అడగడం మొదలుపెట్టారు.

ఆయన తెలుగు చర్చిలో పెద్ద. బల్ల ఆరాధనలో, అంటే ప్రభువు పేరున రొట్టె, ద్రాక్షరసం పంచుకునేటప్పుడు, గిన్నె అందించేవారు. మా చర్చిలో గిన్నెలో ఉండేది మామూలు ద్రాక్షరసమే. అయినా కమిటీలో ఒకాయనకి అభ్యంతరం వచ్చింది. "బ్రదర్, మీరు చేసే జాబ్ చూస్తే యూత్‌కి ఏం మెసేజ్ వెళ్తుంది?" అని అందరి ముందూ అడిగారు. నాకు ఒళ్లు మండింది. అంకుల్ మాత్రం, "మీ మనసుకి ఇబ్బందిగా ఉంటే నేను గిన్నె పట్టుకోను బ్రదర్. పాటలు పాడొచ్చు కదా?" అన్నారు. ఆ వారం నుంచి చివరి వరుసలో కూర్చుని పాడారు.

ఆ తర్వాత ఏడాది ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది. మళ్లీ పనిలోకి వచ్చాక ఏదో తేడా కనిపించింది. ఒక సాయంత్రం కస్టమర్లకి ఆయన పోసిన గ్లాసులో నాకు వానకి తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. కార్క్ పాడైన సీసాకి వచ్చే వాసన అది. ఆయనే నేర్పారు. ఆయన మాత్రం అదే గ్లాసు మూచూసి, "చాలా బాగుంది," అన్నారు. మర్నాడూ అంతే. చెప్పడానికి నోరు రాలేదు. రెండు వారాలు చూసి, చూసి, లంచ్ టైమ్‌లో వెనక గదిలో చెప్పాను.

ఆయన నా టిఫిన్ డబ్బా దగ్గరకు లాక్కుని, ఆవకాయ మీద ముక్కు పెట్టారు. తలెత్తారు. కాఫీ పొడి డబ్బా మూత తీసి చూశారు. ఏ వాసనా అందలేదని తల అడ్డంగా ఊపి, మూత మళ్లీ పెట్టేశారు.

"ఎన్నాళ్ల నుంచి గమనిస్తున్నావ్?"

"రెండు వారాలు అంకుల్. మీరు బాధపడతారని..."

"నేను బాధపడితే ఏం పోయింది? పాడైన సీసా ఎవరింటికో వెళ్లి, వాళ్లు ఇది మావాళ్ల చేతి పనే అనుకుంటే?"

ఆ మధ్యాహ్నమే మా ఓనర్‌కి చెప్పేశారు. ఓనర్ మంచివాడు. "ఎవరికీ తెలియాల్సిన పనిలేదు, రుచి పనులు ఈ అమ్మాయి చూస్తుంది, పేరు మీదే ఉంటుంది," అన్నాడు. దానికి ఆయన, ఆ ఫ్రాన్స్ తోటలో ఒక వసంతకాలం మంచు పడిన కథ చెప్పారు. మెర్లో మిగతా రకాల కంటే ముందే చిగురిస్తుంది. ఆ ఏడాది చిగుళ్లన్నీ ఒక్క తెల్లవారుజామున మాడిపోయాయట. పొరుగువాళ్ల పళ్లు కొని తన పేరుతో సీసాలు నింపమని చాలామంది చెప్పినా, ఆ ముసలావిడ ఆ ఏడాది ఒక్క సీసా కూడా బయటికి పంపలేదు. "వాళ్ల సరుకు అమ్ముకుని బతికినవాణ్ని. నేనిప్పుడు వేరేవాళ్ల ముక్కు మీద నా పేరు వేసుకోవాలా?" అన్నారు.

శనివారం అందరి ముందూ నిలబడి, "నా ముక్కు పనిచేయడం మానేసింది. ఇవాళ్టి నుంచి ఈమె చెబుతుంది, వినండి," అన్నారు. నేను సీసా అందుకున్నాను. ఆయన కుర్చీ తెచ్చుకుని మొదటి వరుసలో కూర్చున్నారు, నా దగ్గర పాఠం చెప్పించుకోవడానికి వచ్చినవాడిలా.

మరుసటి ఏడు నన్ను ఆ తోటకి తీసుకెళ్లారు. ముసలావిడకి సంగతి ముందే ఉత్తరంలో రాశారు. పీపాలోంచి తీసిన కొత్త వైన్ ఇద్దరికీ పోసి, ఆవిడ నన్నే అడిగింది. నేను తెలుగులో చెబితే ఆయన ఫ్రెంచిలో చెప్పారు. నేరేడుకి వాళ్ల భాషలో మాట దొరక్క చేతులు తిప్పారు. తర్వాత ఆవిడ మమ్మల్ని తోటలోకి తీసుకెళ్లి, వంగి, బంకమట్టి ముద్ద ఒకటి తీసి ఆయన అరచేతిలో పెట్టి ఏదో అంది. ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఏమన్నారు అంకుల్?" అంటే, "ముక్కు పోతే చేయి ఉంది కదా అంటోంది," అన్నారు. మేం కారెక్కేవరకూ ఆ మట్టిని నలుపుతూనే ఉన్నారు.

అమ్మకి ఏ స్టోరో, అంకుల్ ఎవరో చెప్పింది ఆ ప్రయాణం నుంచి వచ్చాకే. అమ్మ, "ఆయన మంచాయనేనా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే సరే," అంది.

ఈ వేసవిలో ఆయన గుండె బలహీనపడి మంచం పట్టారు. చర్చికి రాలేకపోయారు. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి కమిటీలో అభ్యంతరం చెప్పిన ఆ బ్రదరే మంచం పక్కన కూర్చుని ఉన్నారు. బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇంటికే తెచ్చారు. చిన్న గిన్నె కూడా అంకుల్ పట్టుకోలేకపోతే, ఆ బ్రదర్ తన చేయి కింద పెట్టి పట్టుకున్నారు. పాత మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఇద్దరూ కలిసి ఒక పాట పాడారు. బ్రదర్‌కి శ్రుతి కుదరలేదు. అంకుల్ కళ్లు మూసుకునే, "కొంచెం కింద పాడండి బ్రదర్," అన్నారు.

సమాధి కార్యక్రమం అయిన మర్నాడు ఉదయం, ముసలావిడ మనవరాలికి వీడియో కాల్ చేశాను. వాళ్లకి అప్పుడు మధ్యాహ్నం, ఆయన పోయిన కబురు మెసేజ్‌లో ముందే పంపాను. మెర్లో కోతలు జరుగుతున్నాయి. ఆ పిల్ల ఇంగ్లీషులో, "నానమ్మ కూలీలందరికీ చెప్పింది. మీతో మాట్లాడలేనంటోంది, ఏమీ అనుకోకండి," అంది. తర్వాత ఫోన్ తోటవైపు తిప్పింది.

పొడవాటి వరుసలు. ఆకులు అంచుల్లో ఎర్రబడుతున్నాయి. కోసేవాళ్లు వంగి ఉండటంతో వీపులే కనిపిస్తున్నాయి. చిన్న కత్తెరల చప్పుడు మాత్రం వినిపిస్తోంది, ఒకటి దగ్గర, ఒకటి దూరంగా. వరుస చివర నల్లకోటు వేసుకున్న ముసలావిడ కూడా వంగి కోస్తోంది. ఒక గుత్తి తెంపి, అందులో ఎండిన పండొకటి ఏరి పారేసి, గుత్తిని బుట్టలో పెట్టి, పక్క తీగ దగ్గరకు జరిగింది.