గట్టిపడని మైనం

నేను బాతిక్ నేర్చుకున్నది గొంతు పోయిన ఏడాది. తోరణగల్లులో ఏళ్ల తరబడి పిల్లలకు లెక్కలు చెప్పి చెప్పి గొంతులో కాయలు లేచాయి. బళ్ళారి డాక్టరు కొన్నాళ్లు బడి మానెయ్యమన్నాడు, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడొద్దన్నాడు. ఖాళీగా కూర్చోబెడితే ఇల్లు నరకం చేస్తానని తెలిసి, మా ఆయన మా చర్చికొచ్చే ఒక పెద్దావిడతో మాట్లాడి వచ్చాడు. ఆమె రిటైరైన డ్రాయింగ్ టీచరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో, గుడ్డ మీద మైనంతో బొమ్మ వేసి, మైనం ఉన్న చోట అంటకుండా రంగులో ముంచే ఈ బాతిక్ పని నేర్పేది.

"నోరు తెరిచే పనే లేదు. నీకు సరిగ్గా సరిపోతాది," అన్నాడు.

నా కష్టమంతా ఆ నోటితోనే వచ్చింది. ఆ టీచరు ఆంటీ ఏదీ ముందు చెప్పదు, తప్పు చేశాక చెప్తుంది. ఒకరోజు మధ్యాహ్నమంతా వంగి కూర్చుని, కరిగిన మైనాన్ని బ్రష్‌తో అద్దాను. ఆమె వచ్చి గుడ్డ తిరగేసింది.

"వెనక్కి దిగనే లేదు కదమ్మా. మైనం సొల్ప చల్లారినట్టుండాది. రంగు వెనక నుంచి ఎక్కేస్తాది."

ఆ ముక్క పొద్దున్నే చెబితే ఏం పోయేది? అడగబోయి, డాక్టరు గుర్తొచ్చి ఊరుకున్నాను.

మైనం ఎక్కువ కాగితే నూనె మరకలా పాకేది, తక్కువ కాగితే పైపైనే పేరుకునేది. పైగా మా ఎండలు. చల్లారి గట్టిపడిన మైనాన్ని నలిపితే సన్నగా బీటలు పడాలి, వాటిలోకి రంగు దిగి సాలెగూడు లాంటి గీతలు రావాలి. బాతిక్ అందమంతా అదే. నాది చపాతీ పిండిలా ముడుచుకుని మడతకు మడత అంటుకునేది.

"చలికాలం దాకా ఆగితే సరి," అంది ఆంటీ, టీ తాగుతా.

అలా అన్న మనిషే ఈస్టరుకు చర్చిలో బల్ల మీద పరిచే గుడ్డ నాకు అప్పగించింది. పసుపు రంగు వేసిన గుడ్డ మీద నేను వరి వెన్నులు గీశాను.

"గోధుమ కదా వేస్తారు," అంది.

"సిరిగేరి వరిమళ్లలో పుట్టినదాన్ని, నాకు వరే వచ్చు," అని గుసగుసగా చెప్పాను.

వెన్నుల మీద మైనం అద్ది, గుడ్డను వదులుగా మడిచి ఇంటికి తెచ్చి, మైనం గట్టిపడాలని ఫ్రిజ్‌లో పెట్టాను. బజారుకు పోయి వచ్చేసరికి అది కిటికీలో, ఎండలో ఉంది. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏందో గుడ్డ అడ్డముంటే తీసి పెట్టినా. మజ్జిగ యాడుండాది?"

అరిచాను. నెలల తర్వాత అరవడం. మాటగా మొదలై కాకి కూతగా తేలింది.

"అరవొద్దన్నాడు కదా డాక్టరు," అన్నాడు మెల్లగా. దాంతో ఇంకా మండింది. మాట రాక, అంటుకుపోయిన మడతలు ఆయన ముందు పరిచి చూపించాను.

కాసేపు చూశాడు. తర్వాత ఫ్రిజ్‌లో గిన్నెలన్నీ బయట పెట్టి, ఒక అర మొత్తం ఖాళీ చేశాడు. ఊడిన చోట నేను మళ్లీ మైనం అద్దాను. ఆ అరలో చల్లగా బిగిశాక బాత్‌రూములో ఆయన ఎర్రరంగు కలిపిన బకెట్ పట్టుకుంటే నేను గుడ్డ నలిపాను. అప్పడం విరిగినట్టు చప్పుడైంది. ఆ చప్పుడుకు ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

మరుగునీళ్లలో మైనం వదిలాక చూస్తే బీటలు బాగానే పడ్డాయి. ఒక వెన్ను మీద మాత్రం అరచేతంత ఎర్ర మరక. ఈస్టరు పొద్దున ఎవరో దాన్ని సరిగ్గా జనం వైపే పరిచారు. ప్రసంగమంతా నేను ఆ మరకనే విన్నాను. తర్వాత ఒకామె గుడ్డను తడిమి చూసింది.

"ప్రింటు బాగుండాది అక్కా. బళ్ళారిలో యాడ దొరుకుతాది?"

"ప్రింటు కాదమ్మా, ఈమే చేసింది," అన్నాడు మా ఆయన.

"అట్లనా. మరి ఈ ఎర్రది కావాలనే వేసినారా?"

అవునన్నాను.

గొంతు కుదుటపడ్డాక మళ్లీ బడికి పోతున్నాను. శనివారాలు షెడ్డుకు పోతాను. ఇప్పుడు నీలంతో తంటాలు పడుతున్నాను. తడి మీద బ్రహ్మాండమైన నీలం, ఆరితే వంకాయ రంగు. ఎందుకో ఆంటీకి తెలుసు. ఇంకో నాలుగు గుడ్డలు పాడయ్యాక చెప్తుంది.